బొరుగుల బట్టీ, నల్ల ఇసుక

మదనపల్లె,
మార్చి 1946

తమ్ముడు అబ్దుల్ జబ్బార్‌కు అక్క దువా చేసి రాయించేది.

నా పేరు మైమూన్ బీ. బొరుగుల బట్టీ దస్తగిరి సాయబు పెండ్లాన్ని. ఆయన పోయి చాలా ఏండ్లయింది. నా వయసు సరిగ్గా తెలీదు. ధాత కరువులో అమ్మ చంకలో ఉన్నానని నాయన చెప్పేవాడు, దాన్నిబట్టి డెబ్భై అని రాసుకో. నా ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను, చచ్చిపోయిన నా పెద్దకొడుకు రసూల్ పెండ్లాం బీబీజాన్. దానికి పిల్లలు లేరు. చిన్నకొడుకు ముక్తియార్ నీ అల్లుడే. నీ బిడ్డ సయీదాతో కుప్పంలో కాపురం. ఇవన్నీ నాకు తెలియవా అంటావు. తెలుసు. అయినా మొదట్నుంచి చెప్తున్నాను. ఇది క్షేమసమాచారం కాదు, నా వ్యాజ్యం. రేపు పదిమంది ముందర చదవాల్సి వస్తే వినేవాళ్లకు అంతా తెలియాలి.

ఉర్దూలో కాకుండా తెలుగులో రాయించడానికి కారణం ఉంది. ఈ ఊరి మున్షీ పుంగనూరు వస్తే నీ ఇంట్లో భోంచేస్తాడు. ఈ గోపాలస్వామి పోస్టాఫీసు అరుగు మీద అర్జీలు రాసే మనిషి. మన తగువులో ఆయనకు పాలు లేదు. జవాబు నువ్వూ తెలుగులోనే రాయి, ఆయనే చదివి వినిపిస్తాడు.

సంగతి ఇది. పోయిన వారం ముక్తియార్ వచ్చినాడు. వెంట పట్టు వ్యాపారి మనిషిని తెచ్చినాడు. నాకు సలాం చెప్పకముందే ఆ మనిషి బట్టీ గోడ కాడి నుంచి వీధి దాకా తాడు పట్టి కొలిచినాడు. నేను బొరుగులు వేయిస్తూ కూర్చున్నాను.

"ఏందిరా కొలిచేది, నా గోరీకా?" అన్నాను.

"కాదుమా. పట్టుగూళ్ల గోదాముకు జాగా ఎతుకుతాండాడు. ఊరికే సూసి పోతాడు."

ఊరికే చూసేవాడు తాడు తెచ్చుకోడు.

ఆ జాగా, బట్టీ, వెనక రెండు గదులు మా ఆయన నికా నాటి మెహర్ కింద నాకు ఇచ్చినవి. నా సొత్తు. దాన్ని బీబీజాన్‌కు ఇవ్వాలనుకున్నాను. నువ్వు పుంగనూరు జమాత్‌లో పెద్దమనిషివి, నీ మాట ఇక్కడా చెల్లుతుంది. నువ్వు ఔనంటే ముక్తియార్ నోరెత్తడు.

కొడుకుండగా కోడలికా అంటావు. వ్యాపారం చేసేవాడికి తెలివి ఒకటే చాలదు జబ్బారూ. తెలివి నక్కకూ ఉంది, నక్క అంగడి పెట్టలేదు. నిన్న చేసిన పనే ఈరోజూ చెయ్యడానికి విసుగు పుట్టకుండా ఉండాలి. తంబళ్లపల్లె బండ్లు సంతకు వచ్చే పొద్దుకు మా బట్టీ పొగ లేవాలి. పొగ లేస్తే బండివాడు తాడు లాగకుండానే ఎద్దులు మా ముందర నిలబడతాయి. రసూల్ మట్టి అయిన మర్నాడు కూడా బీబీజాన్ పొగ లేపింది. ఏడుస్తూనే లేపింది. ముక్తియార్ లాభం వచ్చిన రోజు పొద్దెక్కి లేస్తాడు, నష్టం వచ్చిన రోజు లేవనే లేవడు.

నీ మాట కోసం చూస్తుంటాను.

మైమూన్ బీ చెప్పగా గోపాలస్వామి రాసింది.


పుంగనూరు,
ఏప్రిల్ 1946

అక్కకు జబ్బార్ సలాం.

నీ ఉత్తరం అందింది. నీ గొంతు విన్నట్టే ఉంది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని మిరపతోటకు పోయినదానివి, నీ మాట తీసెయ్యడం నాకు కష్టం. కానీ పెద్దమనిషి అని నువ్వే అన్నావు గదా. పెద్దమనిషి షరా చట్టాన్ని చూసే మాట్లాడాలి.

చచ్చిపోయిన కొడుకు భార్యకు అత్త ఆస్తిలో హక్కు లేదు. నీ తర్వాత అది ముక్తియార్‌కు పోవాల్సిందే. ఇది నేను పెట్టిన నియమం కాదు. ఇంకో మాట. బీబీజాన్ వయసులో ఉంది. రేపు ఇంకొకణ్ణి నికా చేసుకుంటే దస్తగిరి బావ బట్టీలో ఎవడో కూర్చుని మీసం తిప్పుతాడు. అది నీకు సమ్మతమా?

ముక్తియార్ మీద నీకు ఎందుకంత చిన్నచూపో నాకు అర్థం కాదు. యుద్ధంలో కుప్పం స్టేషన్‌లో సిపాయిల రైళ్లు ఆగినప్పుడు వాడు అమ్మినంత మీరు ఏడాది పొడుగునా అమ్మి ఉండరు. వాడిది కొత్త కాలం బుర్ర. బోర్డు రాయించినాడు. బొరుగులు గాజు సీసాల్లో పెట్టినాడు. పడి మీద పిడికెడు కొసరు పెట్టే పాత పద్ధతి మానేసి, ఆ పిడికిళ్లతోనే రోజుకు ఇంకో మూట అమ్మినాడు. నువ్విచ్చిన ఇసుక నల్లగా ఉందని స్టేషన్ వాళ్లు ముక్కు చిట్లిస్తే, ఏట్లో కడిగించి తెల్లగా చేయించినాడు. అంత శుభ్రం పాటించేవాణ్ణి మనం మెచ్చుకోవాలి.

మొన్న మీ ఊరి ఉరుసుకు నేను వచ్చినప్పుడు నువ్వు దగ్గుతున్నావు. నీ చేతిగుడ్డ మీద ఎరుపు చూసినాను. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి మీ ఊరి పక్కనే ఉంది, పోయి చూపించుకో. నీ ఆరోగ్యమే నాకు ముఖ్యం.

నీ తమ్ముడు,
అబ్దుల్ జబ్బార్


మదనపల్లె,
మే 1946

జబ్బార్‌కు అక్క రాయించేది.

నీ ఉత్తరం గోపాలస్వామి చదువుతుంటే ఇసుక దగ్గర ఆపమన్నాను. మళ్లీ చదవమన్నాను. కడిగించినాడా?

నువ్వు బట్టలు అమ్మేవాడివి, నీకు తెలీదు. అందుకే పొగుడుతున్నావు. ఆ ఇసుక మా అత్త చేతికి రాకముందు నుంచీ ఆ పొయ్యి మీద ఉంది. వేగి వేగి రవ్వ గుండ్రంగా నున్నగా అయింది. ఉప్పూ పొగా తాగి నల్లబడింది. అట్లాంటి ఇసుకలో బియ్యం వేస్తే గింజకు గింజ పువ్వులా విచ్చుకుంటుంది, జల్లెడలో పోస్తే ఒక్క రవ్వ అంటదు. కొత్త ఇసుక గింజకు కరుచుకుంటుంది. మాలో కొడుకు వేరు పడితే పాత బట్టీలో నుంచి రెండు గంపల ఇసుక ఇచ్చి పంపుతాం. ముక్తియార్ కుప్పం పోయిన రోజు నేను ఇచ్చింది అదే. వాడు దాన్ని ఏట్లో కడిగి, నున్నటి రవ్వంతా నీళ్లలో వదిలి, తక్కువ పడినదానికి ఏటి ఇసుక కలిపి ఉంటాడు. రైలు కిటికీలోంచి చూసేవాడి ముక్కు కోసం. ఆ రైలువాడు మళ్లీ రాడు. రోజూ వచ్చే మనిషి పంటి కింద రాయి పడితే ఏం చేస్తాడు? ఏమీ అనడు. రావడం మానేస్తాడు.

నువ్వు మెచ్చుకున్న కొసరు సంగతి కూడా విను. సంతలో వక్కాకు అమ్మే పాపమ్మ మొన్న వచ్చింది. బీబీజాన్ కొలిచి, కొసరు వేసింది. "ఏంమే, పిడికిలి సన్నబడిందే, రేషన్ పెట్టినారా?" అనింది పాపమ్మ. "నా పిడికిలి అట్లే ఉండాది. నీ సంచే పెద్దదయింది" అనింది ఇది. ఇద్దరూ నవ్వుకున్నారు, ఇంకో పిడికెడు పడింది. పాపమ్మ బొరుగుల కోసం వస్తుందనుకుంటావు. ఆ పిడికెడు కోసం వస్తుంది, వచ్చినదానికి బొరుగులు కొంటుంది. ముక్తియార్ ఆ పిడికిళ్లను మూట కట్టి అమ్ముకున్నాడు.

వడ్లకు కంట్రోలు వచ్చిన ఏడు గుర్తుందా? మాకు గింజ దొరకలేదు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. చెప్పడానికి నాకు సిగ్గులేదు. బీబీజాన్ వీధిలోకి పోయి, "మీ ఇంటి శెనక్కాయలు, మీ సెనగలు, మీ జొన్నలు తెచ్చుకోండి, ఏంచి ఇస్తా" అని కేకేసింది. కూలికి వేయించింది. లాభం లేదు. కూడు వచ్చింది, పొగ నిలిచింది, జనం మా ఇంటి దారి మరిచిపోలేదు. గింజ లేకపోతే నిప్పుకు వేరే పని చూపించింది. వ్యాపారికి ఉండాల్సిన గుణం అదొక్కటే అంటే నేను ఒప్పుకుంటాను.

అది మంచిదని చెప్పడంలేదు. దాని నోరు రంపం. నాకు కూడు పెట్టేటప్పుడు తట్ట కింద పెట్టే చప్పుడు ఎదురింటికి వినిపిస్తుంది. నేను దాన్ని ప్రేమించి ఇవ్వడంలేదు. బట్టీని ప్రేమించి ఇస్తున్నాను. నికా చేసుకుంటే చేసుకోనీ. వచ్చేవాడు మీసం తిప్పితే ఆ రంపమే కోస్తుంది.

నా తర్వాతే గదా షరా అడ్డం. నేను ఉండగానే ఇస్తాను.

దగ్గు శెనక్కాయ పొట్టు పొగది. గుడ్డ మీద ఎరుపు వక్కాకుది.

మైమూన్ బీ చెప్పగా గోపాలస్వామి రాసింది.


కుప్పం,
జూలై 1946

అక్కకు.

సయీదా నుంచి జాబులు నిలిచిపోతే చూద్దామని వచ్చినాను. ఇక్కడి నుంచే రాస్తున్నాను. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను, గోపాలస్వామిగారు కూడబలుక్కుని చదవాలి.

బట్టీ చల్లబడి ఉంది. పొయ్యిలో పిల్లి ఈనింది. బోర్డు మాత్రం నిలబడి ఉంది. యుద్ధం అయిపోయి సిపాయిల రైళ్లు పోయినాక ఊళ్లోవాళ్లు ఎవరూ ఇటు రాలేదంట. ముక్తియార్ పొద్దున్నే స్టేషన్ బెంచీ మీద కూర్చుంటాడు. "మళ్లీ వస్తాయి మామూ, రైళ్లు యాడికి పోతాయి" అంటాడు. నా బిడ్డ కడుపుతో ఉంది. నేను గడప తొక్కేసరికి పొయ్యి మీద కుండ పెట్టి ఉంది. మూత తీసి చూస్తే ఉత్త నీళ్లు. వంట అవుతోందని నేను అనుకోవాలని పెట్టింది.

గాజు సీసా అడుగున మిగిలిన బొరుగులు నోట్లో వేసుకున్నాను. పంటి కింద ఇసుక కరకరలాడింది. నువ్వు చెప్పింది నిజమే అక్కా. కానీ నువ్వు గెలిచినందువల్ల నా బిడ్డ కడుపు నిండదు. ఆ పట్టు వ్యాపారి మదనపల్లె జాగాకు మంచి ధర ఇస్తానంటున్నాడు. దాంతో వీళ్లు నిలబడతారు. నిలబడకపోతే కనీసం పురుడు దాకా తింటారు. బీబీజాన్‌కు పుట్టిల్లు ఉంది, సయీదాకు ఉన్న పుట్టిల్లు నేనే, నాకు నలుగురు ఆడపిల్లలు.

అందుకని ఇక మెత్తగా చెప్పను. నువ్వు ఉండగానే ఇస్తానన్నావు. దానికీ షరా ఉంది, విను. చావు జబ్బులో ఉన్న మనిషి వారసులు కానివాళ్లకు ఇచ్చేది మూడో వంతుకు మించి చెల్లదు. వక్కాకు అన్నావు. నీ నోట్లో పళ్లు లేక ఎన్నేండ్లయింది? నువ్వు వక్కాకు నమలడం మానేసి ఎన్నేండ్లయింది? నీ దగ్గు నా చెవులతో విన్నాను. జమాత్ ముందర నిలబడి చెప్తాను.

రెండోది. ఇల్లు ఇచ్చేవాళ్లు ఆ ఇల్లు విడిచిపెట్టి పోవాలి. తమ సామాను తీసుకుని గడప దాటి, తీసుకునేవాళ్లను లోపల నిలబెట్టాలి. అప్పుడే ఇచ్చినట్టు. నోటితో ఇచ్చి అదే పొయ్యి ముందర కూర్చుంటే అది ఇవ్వడం కాదు. అమ్మ చచ్చిపోయినప్పుడు పుంగనూరు వచ్చి, మొహం చూసి, పొద్దుగూకక ముందే బయలుదేరినావు. "నిప్పు ఆరిపోతుంది" అన్నావు. ఆ మాట నేను ఈనాటికీ మరిచిపోలేదు. అమ్మ కోసం ఒక పూట విడవనిదానివి, కోడలి కోసం ఆ బట్టీ విడుస్తావా?

అబ్దుల్ జబ్బార్


మదనపల్లె,
ఆగస్టు 1946

జబ్బార్‌కు అక్క రాయించేది.

ఉపవాసం నోటితో చెప్తున్నాను, అందుకని అబద్ధం చెప్పను. దగ్గు మాట ఈ ఉత్తరంలో రాయించను.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఉత్త నీళ్ల కుండ నా కళ్ల ముందర ఉడుకుతోంది. సయీదా నాకు మేనకోడలే. కానీ జబ్బారూ, బట్టీ అమ్మితే వచ్చే డబ్బు ఆ కుండలో ఎన్నాళ్లు ఉడుకుతుంది? ముక్తియార్ ఇంకో బోర్డు రాయిస్తాడు. తర్వాత ఈడ పొగ ఉండదు, ఆడ పొగ ఉండదు. ఉన్న ఒక్క పొయ్యి ఆర్పి రెండిళ్లకు కూడు పెట్టిన వాళ్లను నేను చూడలేదు.

మొన్న వాడు వచ్చినాడు. నువ్వు పంపినావో, వాడే వచ్చినాడో అడగలేదు.

"ఈ పొగలో ఇంకా ఎన్నాళ్లు ఉంటావుమా? అమ్మేసి కుప్పానికి వచ్చేయి. కూసోబెట్టి సాకుతా."

"కూసోబెట్టి సాకేది కోడినిరా, పండగ ముందర."

"ఆ యమ్మ నీకు మందేమన్నా పెట్టిందా? కన్నకొడుకు మీద ఇంత పగ యాల?"

బీబీజాన్ జల్లెడ దించకుండానే, "మందు పెట్టేదానికి నాకు తీరిక యాడుండాదప్పా? రోంత పక్కకు జరుగు, పొట్టు ఎయ్యాల" అనింది.

"నీకు పగ కనిపిస్తాండాదిరా," అన్నాను. "ఈడ కూలికి రా. పొద్దున్నే వచ్చి బస్తాలు మోయి. సయీదాను పిల్చుకోనిరా. పురుడు ఈడే పోస్తాం. తిండికి లోటుండదు."

"వదిన కింద కూలికా?"

"కూడు కింద."

వాడు పోయినాడు. నేను కన్నాను, నాకు తెలుసు, మళ్లీ బెంచీ మీదికే పోయి ఉంటాడు. వాడికి పని చెయ్యడానికి సిగ్గు, ఆకలికి సిగ్గు లేదు. అది నేను నేర్పలేదు, కానీ నా ఇంట్లోనే నేర్చుకున్నాడు.

నువ్వు చెప్పిన షరా నాకు మేలు చేసింది. ఇన్నాళ్లు ఎట్లా ఇవ్వాలో తెలీక కూర్చున్నాను. ఇప్పుడు తెలిసింది. రంజాన్ దాటిన తర్వాత వచ్చే శుక్రవారం, నమాజు అయినాక రా. నేను ఇల్లు విడుస్తానో లేదో నీ కళ్లతో చూడు. చూసినాక జమాత్‌లో ఏం చెప్తావో నీ ఇష్టం.

మైమూన్ బీ చెప్పగా గోపాలస్వామి రాసింది.


మదనపల్లె, సుభద్రమ్మ ఎద్దుల కొట్టం,
సెప్టెంబరు 1946

జబ్బార్‌కు అక్క దువా.

పైన వేసిన చిరునామా చూసి నవ్వుకోకు. మా ఎదురింటి సుభద్రమ్మ ఎద్దులు అమ్మేసింది. కొట్టం ఖాళీగా ఉంటే అడిగినాను. "సాయబులమ్మకు నా ఇంటి వాకిట్లో చోటిస్తే తంబళ్లపల్లెలో మావాళ్లు ఏమంటారో" అని కాసేపు నసిగింది. తర్వాత తనే పేడ తీసి, అలికి, మంచం వేసింది. నులక కొంచెం వదులు, అంతే.

నువ్వు వచ్చినావు, వీధిలో గొడుగు వేసుకుని నిలబడినావు, ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు, మాట్లాడితే కాళ్లు ఆగిపోతాయి. అందుకని నీకు తెలియని రెండు మాటలు ఇప్పుడు చెప్తాను.

చెక్కపెట్టె, చాప, నా లోటా ముందే పంపించినాను. నిప్పు కడ్డీ, జల్లెడ బీబీజాన్ చేతిలో పెట్టినాను. అది ఏడుస్తుందనుకున్నాను. "కడ్డీ వంగిపోయుండాది, ఇన్నేండ్లు దీంతోనే ఎట్ల తోసినావు?" అనింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది, నేను గడప దాటినాను. వీధి అంత వెడల్పుగా ఉంటుందని నాకు తెలియదు. నడుమన నేను నిలబడినప్పుడు నువ్వు రెండడుగులు ముందుకు వేసినావు. నేను చెయ్యి ఊపి వద్దన్నాను. పట్టుకుని ఉంటే నడిచింది నువ్వవుతావు.

తర్వాత జరిగింది నా లెక్కలో లేదు. బీబీజాన్ పొయ్యి దగ్గరికి పోయి రెండు గంపల నల్ల ఇసుక ఎత్తి, గోనెలో పోసి, నీ కాళ్ల దగ్గర పెట్టింది. "ఇది సయీదాకు. ముక్తియార్‌కు కాదు. పిల్లిని తరిమేసి పొయ్యి వెలిగించుకోమను. కడగొద్దని చెప్పు. పురుడుకు ఈడికే రమ్మను" అనింది. నేనైతే ఇచ్చి ఉండను. ఒకసారి ఏట్లో పోసుకున్న ఇంటికి మళ్లీ ఇసుక ఎవరిస్తారు? మంచం మీద నుంచి అరవబోయినాను. నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను. బట్టీ ఇప్పుడు నాది కాదు గదా. ఇన్నేండ్ల వ్యాపారంలో నాకు చేతకానిది అదొక్కటే, చెయ్యి తియ్యడం.

నువ్వు ఆ గోనె ఒడిలో పెట్టుకుని బొగ్గు బస్సులో కూర్చున్నావని గోపాలస్వామి చెప్పినాడు. పైన కట్టుకోమంటే వద్దన్నావంట.

ఇక్కడి నుంచి పొగ కనిపిస్తుంది. పొద్దున కొంచెం ఆలస్యంగా లేచినట్టు అనిపించి పిలవబోయినాను. మళ్లీ ఆ వీధి దాటను. దాటి ఆ పొయ్యి ముందర ఒక్క పూట కూర్చుంటే, ఇచ్చింది ఇవ్వలేదని ఎవడో ఒకడు అంటాడు. చలికాలం వచ్చినా, ఏమి వచ్చినా, ఈ కొట్టంలోనే. నన్ను తీసుకుపోయేటప్పుడు కూడా ఇటు నుంచే తీసుకుపోండి, అటు దించవద్దు.

కాగితం వేరుగా రాయించి పంపుతున్నాను. మూడో సాక్షి చోటు నీది. నీకు నీ బిడ్డ ఉంది, నాకు తెలుసు. నువ్వు ఉన్నదున్నట్టు చెప్తే నేను నిన్ను తిట్టను. సంతకం చెయ్యకుండా చింపేసినా తిట్టను.

వీధిలో నా చేతిగుడ్డ పడిపోయింది. నువ్వు వంగి తీసి జేబులో పెట్టుకోవడం చూసినాను. దాన్ని పంపవద్దు.

మైమూన్ బీ చెప్పగా గోపాలస్వామి రాసింది.


కాగితం

మైమూన్ బీ అనే నేను, దస్తగిరి సాయబు భార్యను, ఆరోగ్యంగా, తెలివితో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా, నా మెహర్ కింద వచ్చిన బొరుగుల బట్టీ, జాగా, రెండు గదులు, ఇసుకతో సహా, నా కోడలు బీబీజాన్‌కు ఇచ్చివేసి, నా సామానుతో ఇల్లు విడిచి, నా కాళ్లతో నడిచి బయటికి వచ్చినాను. ఇక దాని మీద నాకు గానీ, నా తర్వాత నా కొడుక్కు గానీ హక్కు లేదు. చదివించుకుని విని, ఎడమ బొటనవేలి గుర్తు వేసినాను.

మైమూన్ బీ వేలిముద్ర

సాక్షులు:

సుభద్రమ్మ, వేలిముద్ర. ఎదురింట్లో నిలబడి చూసినాను.

గోపాలస్వామి, రాసినవాడు.

అబ్దుల్ జబ్బార్, పుంగనూరు. తిరుగు టపాలో సంతకం చేసి పంపుతున్నాను. నడిచి పోవడం చూసినాను. దగ్గు వినలేదు. మా అక్క ఈనాటికీ వక్కాకు నములుతుంది.